దూరాహ్వానము: మిక్కిలి మెల్లని మోర్సు లిపి, దానికై వ్రాయబడిన సాఫ్టువేరు



మాట వడిగా పోవలెననుట యీ కాలపువారి ప్రథమవాంఛ. ఉత్తరముకంటె తంతి వడి గలది, తంతికంటె టెలిఫోను, ఇప్పుడు అరచేతిలోని యంత్రము ఆ రెంటిని మరపించినది. 2013వ సంవత్సరము జూలై నెలలో మన దేశమున తంతివార్తల నిలిపివేసినపుడు విచారించినవారు కొలదిమందియే. ఇట్టి దినములలో ఒక చుక్కకు మూడు సెకండ్లు, కావలసివచ్చిన ఒక నిముషము చొప్పున మోర్సు లిపిలో మాట పంపువారును, ఆ మాటను పట్టుకొనుటకై కంప్యూటరునకు ప్రత్యేకముగ సాఫ్టువేరు వ్రాయువారును లోకమున కలరనిన వినువారికి నవ్వు రాక మానదు. పని లేనివారి పనియని కొందరందురు. నేనును మొదట నట్లే యనుకొనదగినదే గాని, మా వారు బడిలో పై తరగతుల పిల్లలకు ప్రకృతిశాస్త్రము చెప్పుదురు గనుక ఆ లెక్కలు మా యింట భోజనముల వేళ వినబడుచుండెను. విన్నకొలది అది కేవలము వినోదము కాదనియు, సముద్రపుటొడ్డున కాపురముండు మనవంటివారు తెలిసికొనదగిన సంగతి యందు గలదనియు నాకు తోచినది.

మోర్సు లిపి యననేమో పలువురెరుగుదురు. 1844వ సంవత్సరము మే నెలలో అమెరికాదేశమున వాషింగ్టను నుండి బాల్టిమోరునకు మోర్సుగారు తంతివార్త పంపిరి. ప్రతి యక్షరమును చుక్కల తోడను గీతల తోడను పలుకుటయే ఆ లిపి. ఆంగ్లభాషలో తరచుగ వచ్చు అక్షరములకు చిన్న గుర్తులు, అరుదుగ వచ్చువానికి పెద్ద గుర్తులు ఏర్పరచిరి. కొలత యెట్లనగా, చుక్క ఒక మాత్ర. గీత మూడు మాత్రలు. ఒకే యక్షరములోని గుర్తుల నడుమ ఒక మాత్ర విరామము. అక్షరమునకు అక్షరమునకు నడుమ మూడు. మాటకు మాటకు నడుమ ఏడు. ఛందస్సు చదివినవారు దీనిని చూచినతోడనే లఘువు, గురువు అందురు. కాని గురువునకు రెండు మాత్రలే గదా. మూడు మాత్రలది ప్లుతము. హ్రస్వ దీర్ఘ ప్లుతములకు కోడికూత నుదాహరణముగ పెద్దలు చెప్పుదురు. కావున మోర్సు లిపి హ్రస్వ ప్లుతములతోనే నడచుచున్నదనుట సరి; దీర్ఘమునకందు తావు లేదు.

ఈ ప్లుతము మాట యెత్తుటకు వేరొక కారణము గలదు. దూరముననున్నవానిని పిలుచునపుడు వాక్యపు తుది యచ్చు ప్లుతమగునని పాణిని సూత్రించెను. ఇది గ్రంథములలోనే యుండు సంగతి కాదు. కృష్ణ పాయ కీవలి గట్టున నిలిచి ఆవలిగట్టు పడవవానిని పిలుచు ఏ మనుష్యుడైనను, సూత్రము చదువకయే, చివరి యచ్చును సాగదీయును. గట్టిగ అరచుట కొంతవరకే సాధ్యము. గొంతునకు మేర యున్నది. సాగదీయుటకు అంతటి మేర లేదు. ఎదుటివాని చెవికి ఆ శబ్దమును పోగుచేసికొనుటకు వ్యవధి దొరకును. గాలి హోరు ఒక క్షణము తగ్గినను ఆ క్షణమున పిలుపు వినబడును. మెల్లని మోర్సు లిపి యంతయు ఈ పడవవాని పిలుపే. శక్తి చాలనిచోట కాలమును పెట్టుబడి పెట్టుదురు.

ఎంత పెట్టిన ఎంత ఫలమో చెప్పెదను. వర్షాకాలమున పెంకుటింటిలో కూర్చుండి చినుకుల మ్రోతలో ఎవరైన ఒక మాట మెల్లగ పలికిన మనకు వినబడదు. అదే చోట శ్రుతిపెట్టె పెట్టిన, మొదట వినబడకున్నను, కొంతసేపు చెవియొగ్గినచో ఆ షడ్జమము తేలివచ్చును. చినుకుల శబ్దము ఒకపరి హెచ్చును, ఒకపరి తగ్గును. దానికొక నియతి లేదు. శ్రుతి మాత్రము ఉన్నచోటనే యుండును. గణితశాస్త్రజ్ఞులు దీనినే లెక్కగ చెప్పుదురు. నూరుమార్లు కొలిచి కూడినచో నిలుకడగల శబ్దము నూరు రెట్లగును. నియతి లేని రొద పది రెట్లే యగును, ఏలయన దానిలో హెచ్చులు తగ్గులు ఒకదానినొకటి కొట్టివేసికొనును. పదివేలమార్లు కూడిన, శబ్దము పదివేల రెట్లు, రొద నూరు రెట్లు.

వేరొక విధమున చెప్పవలెనన్న జల్లెడను తలచుకొనవలెను. రేడియోలో రొద అన్ని స్థాయిలలోను పరచుకొని యుండును. మనకు కావలసిన స్వరము ఒక్క స్థాయిలోనే యుండును. ఎంత సన్నని కన్నుల జల్లెడ పట్టిన రొద అంత తక్కువ వచ్చును. నేర్పరియైన తంతివాని చెవి ఇంచుమించు యాభైనుండి నూరు హెర్ట్జుల వెడల్పు గల జల్లెడ వంటిది. మూడు సెకండ్ల చుక్కకు హెర్ట్జులో మూడవవంతు వెడల్పు చాలును. అయితే సన్నజల్లెడలో పిండి మెల్లగ జారుననుట వంటయింటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. వెడల్పు ఎంత తగ్గించిన కాలము అంత హెచ్చును; ఇది ప్రకృతిధర్మము, దీనికి మినహాయింపు లేదు. నిముషమునకు పండ్రెండు మాటలు పంపు సామాన్యపు మోర్సులో చుక్క సెకండులో పదవవంతు. దానిని మూడు సెకండ్లు చేసిన ముప్పదవవంతు శక్తితోనే పని జరుగును. ఒక నిముషము చేసిన ఆరువందలవవంతు చాలును. అరువది వాట్లు కావలసినచోట వాటులో పదవవంతు, అనగా చేతిదీపపు చిన్న బల్బునకు కూడ చాలని శక్తి.

తంతివారు తమలో తాము కొన్ని మూడక్షరముల సంకేతములు వాడుకొనెడివారు. అందులో క్యూ.ఆర్.ఎస్. అనగా "మెల్లగ పంపుము" అని యర్థము. దానికి చివర మరియొక ఎస్. చేర్చి, మిక్కిలి మెల్లనైన యీ పద్ధతికి క్యూ.ఆర్.ఎస్.ఎస్. అని పేరిడిరి. పక్కన వేయు అంకె చుక్క కెన్ని సెకండ్లో చెప్పును.

ఈ పద్ధతి విస్తరించుటకు ఐరోపాలో నొక యవసరము కలిగినది. హాములనగా లాభాపేక్ష లేక, పరీక్షలో నెగ్గి అనుమతి పొంది, స్వంత రేడియో నడుపుకొనువారు. 1990 తరువాతి దశకపు చివరిభాగమున ఇంగ్లండు మొదలగు దేశములవారు హాములకు 136 కిలోహెర్ట్జుల ప్రాంతమున నొక సన్నని పట్టీ నిచ్చిరి. అచ్చటి తరంగపు పొడవు రెండువేల రెండువందల మీటర్లు. విధి ప్రకారము దానిలో నాలుగవవంతు ఎత్తు స్తంభము నాటవలెనన్న ఐదువందల యాభై మీటర్లు కావలెను. పెరటిలో చెట్టునకో, ఇంటి కొప్పునకో తీగ కట్టుకొనువారి కది యెక్కడిది? వందల వాట్లు తీగలోనికి పంపినను, ఆకాశమునకు వెడలునది ఒక వాటునకు లోబడియే. పైగా ఒక వాటునకు మించి ప్రసరింపరాదని నిబంధన. శక్తి పెంచుటకు దారి లేదు. తీగ పెంచుటకు చోటు లేదు. మిగిలినది కాలమొక్కటే. దానిని సాగదీసిరి.

సాగదీసినంతనే వేరొక చిక్కు వచ్చినది. మూడు సెకండ్ల చుక్కను, తొమ్మిది సెకండ్ల గీతను చెవితో చదువుట మనుష్యమాత్రులకు సాధ్యము కాదు. రొదలో మునిగిన స్వరమును అసలే వినజాలము. కావున చెవి పనిని కంటికప్పగింపవలసి వచ్చినది, ఆ యప్పగింతయే సాఫ్టువేరు చేయు పని. రేడియోలో వినవచ్చు శబ్దమును కంప్యూటరు తీసికొని, అందులో నే స్థాయిలో నెంత బలమున్నదో విడదీసి, తెరపై బొమ్మగ గీయును. నిలువున స్థాయి, అడ్డముగ కాలము. రొద నల్లని నేలపై ముగ్గుపిండి చల్లినట్లు చెదరి కనబడును. నిలుకడగల స్వరము మాత్రము ఒకే వరుసలో సన్నని గీతయై సాగును. చుక్కయైన చిన్నగీత, గీతయైన దానికి మూడింతలు. బొమ్మ కదలిపోవుచుండును గనుక దానికి జలపాతమని ముద్దుపేరు. చూచువారు ముగ్గు చదివినట్లు చదువుకొనవలసినదే.

ఇటలీదేశపు హాములు ఆల్బెర్టో ది బెనే, విత్తోరియో దె తొమాసి యనువారు కలిసి వ్రాసిన ఆర్గో యను సాఫ్టువేరు ఈ విద్యకు పెద్దబాలశిక్ష వంటిదైనది. అందులో వాడువానికి నిర్ణయించుకొనదగిన సంగతులు చాల తక్కువ. చుక్క పొడవు చెప్పిన చాలును. దానికి తగిన జల్లెడను అదియే యెన్నుకొనును. జర్మనీదేశపు వుల్ఫ్‌గాంగ్ బ్యూషర్ వ్రాసిన స్పెక్ట్రమ్ ల్యాబు దీనికి భిన్నము. దానిలో మీటలు, కొలతలు, అమరికలు లెక్కకు మిక్కిలి. నేర్చినవానికి దాని వంటి పనిముట్టు లేదు, నేర్వనివానికి అడవి. రెంటిని పోల్చి చూచిన, కొత్తకోడలి చేతికి మొదట ఆర్గోవంటిదే ఇయ్యవలెనని నా యభిప్రాయము. ఇవి రెండును ఉచితముగ నిచ్చినవే.

ఈ సాఫ్టువేరు లోపల జరుగు లెక్క కొంత చెప్పక తీరదు. ఏ సంకీర్ణమైన శబ్దమునైనను శుద్ధస్వరముల మొత్తముగ విడదీయవచ్చునని ఫ్రాన్సుదేశపు ఫూరియే చూపిన మార్గము. 1822లో ఆయన ప్రకటించిన గ్రంథము వేడిమిని గూర్చినది; రేడియో అప్పటి కెవరి కలలోను లేదు. సెకండునకు 8192 కొలతల చొప్పున నాలుగు సెకండ్లు శబ్దమును కొలిచిన 32,768 సంఖ్యలు వచ్చును. వీనిని మామూలు పద్ధతిని విడదీయవలెనన్న ప్రతి స్థాయికిని ప్రతి సంఖ్యను గుణింపవలెను. మొత్తము నూటయేడు కోట్లకు పై గుణకారములు. 1965లో కూలీ, ట్యూకీ యనువారు ఒక ఉపాయము ప్రకటించిరి: సంఖ్యల వరుసను సరి బేసులుగ రెండు సగములు చేయుట, ఆ సగములను మరల సగములు చేయుట, పదునైదుమార్లట్లు చేయుటతో పని యిందుమించు ఐదులక్షల కాడికి దిగును. నూటయేడు కోట్లెక్కడ, ఐదు లక్షలెక్కడ! ఇట్టి యుపాయమునే గౌస్ 1805 ప్రాంతమున కనిపెట్టి ప్రకటింపకయే యుంచెనని తరువాత తెలిసినది. సగము చేయుటలోని లాఘవము మనవారికిని క్రొత్త కాదు. ఇన్ని యక్షరముల పాదమున కెన్ని వృత్తములు పుట్టునో తెలిసికొనుటకు పింగళుడు తన ఛందస్సూత్రములలో సంఖ్యను సగము చేయుచు పోవు పద్ధతినే చెప్పెను.

పై యుదాహరణములో నాలుగు సెకండ్ల శబ్దమును తీసికొన్నందున స్థాయిల మధ్య దూరము హెర్ట్జులో నాలుగవవంతు వచ్చినది. ఎనిమిది సెకండ్లు తీసికొన్న ఎనిమిదవవంతు వచ్చును. అయినచో ఇంకను హెచ్చుసేపు తీసికొన్న నేమి యని యడుగవచ్చును. చుక్క మూడు సెకండ్లదైనపుడు ముప్పది సెకండ్లు కలిపి చూచిన, చుక్క, విరామము, గీత అన్నియు నొక ముద్దయై అక్షరము చెడిపోవును. మరీ తక్కువసేపు తీసికొన్న రొద నిండును. చుక్క పొడవునకు దరిదాపుగ నుండవలెను. సాఫ్టువేరు వ్రాయువాని నేర్పంతయు నిచ్చట తెలియును. ఇంకొక సూక్ష్మము. నాలుగు సెకండ్ల ముక్కను కత్తితో తెగగోసినట్లు తీసికొన్న ఆ కోసినచోటుల నుండి లేని స్వరములు పుట్టి బలమైన స్వరము ప్రక్కలకు చిందును. ఆ చిందిన దానిక్రింద బలహీనస్వరము కప్పబడిపోవును. అందుచేత ముక్క మొదలు తుదలను మెల్లమెల్లగ సున్నకు దించుదురు. ఆ దించు విధానములలో పేరెన్నికగన్నది హాన్ అను ఆస్ట్రియా పండితుని పేర నున్నది. ఆయన వాతావరణశాస్త్రవేత్త.

ఇక కన్ను చదువుటా, యంత్రము చదువుటా యను వాదము. ఆర్గో వంటివి బొమ్మ గీచి యూరకుండును. చదువు భారము మనుష్యునిదే. 2008లో జో టేలర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు విస్పర్ అను పద్ధతిని ప్రకటించెను. ఈయన జంట నక్షత్రములలోని పల్సరును కనుగొన్నందులకు 1993లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము పంచుకొన్నవాడు. విస్పరులో సరి నిముషమున మొదలిడి రెండు నిముషములలోపున నాలుగు స్వరములతో చిన్న సందేశము పంపుదురు. అందులో పంపువాని గుర్తు, వాని చోటు, వాని శక్తి యుండును. యంత్రమే దానిని విప్పి అక్షరములుగ చూపును, కన్ను చూడనక్కరలేదు. అర్ధరాత్రి వచ్చిన సందేశమును ప్రొద్దున లేచి చదువుకొనవచ్చును. సౌకర్యమున దీనికి సాటి లేదు. అయినను కొందరు జలపాతమును విడువలేదు. ముందుగ నేర్పరచిన సందేశము తప్ప విస్పరు మరియొకటి చెప్పలేదు. బొమ్మలో నైతే ఏమి గీచిన అది కనబడును. అలలు గీయువారు కలరు, చేపలు గీయువారు కలరు.

అయితే ఇందొక ప్రమాదము. సగము చెరిగిన గీతలలో మనము ఎదురుచూచుచున్న పేరే కనబడును. చూడవలెనన్న యాశ చూపును తయారుచేయును. యంత్రములకును ఈ దోషము లేకపోలేదు. టేలరుగారి యంతకుముందరి సాఫ్టువేరొకదానిలో, అందిన ముక్కలను తెలిసిన పేర్ల పట్టికతో పోల్చి చూచు విధానమున్నది. అది తగునా తగదా యని హాములలో పెద్ద తగవు నడిచినది. పట్టికలోని పేరును వినినట్లా, ఊహించినట్లా? నా మట్టుకు నాకు, చెరిగినది చెరిగినట్లు చూపు బొమ్మయే మేలు. వార్త కొరకు కన్నులు కాయలు కాచినట్లెదురుచూచు ఇండ్లలో ఊహ నిజమని చెప్పుటకంటె క్రూరము మరియొకటి లేదు.

మా యూరిపేరే పంపి చూతము. కోడూరు అను మాటను ఆంగ్లలిపిలో ఆరక్షరములుగ వ్రాసి మోర్సులో పలికిన, విరామములతో కూడ అరువదిమూడు మాత్రలు. మామూలు తంతివాడు ఆరు సెకండ్లలో దీనిని కొట్టివేయును. చుక్కకు మూడు సెకండ్ల చొప్పున మూడు నిముషముల తొమ్మిది సెకండ్లు. నిముషము చొప్పున గంటకు పైన మూడు నిముషములు. పంపు సాఫ్టువేరు వ్రాయుట యందువలన కష్టము కాదు. అక్షరమునకు గుర్తు చూపు పట్టిక యొకటి, మాత్రకు సెకండ్లెన్నో తెలుపు సంఖ్య యొకటి, ఆ ప్రకారము స్వరమును ఎత్తుట దింపుట. పది పండ్రెండేండ్ల పిల్ల వ్రాయగలదు. మెలకువ వేరొకచోట గలదు. ఒక్కొక్క మాత్రలో సెకండులో కొంచెము వంతు జారిన గంట గడచునప్పటికి వరుస తప్పును. అందుచేత ప్రతి మాత్రను ముందరిదానినుండి లెక్కింపక, మొదలుపెట్టిన క్షణమునుండియే లెక్కింపవలెను. చాలమంది పది నిముషముల కొకమారు అదే మాటను తిరిగి పంపుదురు. అప్పుడు పట్టువారు ఆరారు బొమ్మలను ఒకదానిపై నొకటి పేర్చి, ఒక్క బొమ్మలో కనబడని దానిని కూడ తేల్చుకొందురు. చుక్కకు గీతకు పొడవు భేదము మాని, రెంటికి వేరువేరు స్థాయిల నిచ్చి, గీతను కూడ చుక్క యంతలోనే ముగించు పద్ధతియు నొకటి కలదు. దానివలన సగమునకు దగ్గరగ కాలము కలిసివచ్చును.

అన్నిటికంటె నవ్వు పుట్టించు చిక్కు స్ఫటికమువలన వచ్చును. పంపు యంత్రములో స్వరస్థానమును నిలుపునది చిన్న స్ఫటికపు బిళ్ళ. వేడి తగిలిన అది కొంచెము శ్రుతి తప్పును. హాములు మెల్లని మోర్సునకు వాడు చోటులలో ప్రసిద్ధమైనది 10,140 కిలోహెర్ట్జుల దగ్గరి నూరు హెర్ట్జుల వెడల్పు గల సందు. ప్రపంచములోనివారందరు ఆ సందులోనే యొదిగి యుండవలెను. అచ్చట పదిలక్షలలో ఒక పాలు తప్పినను పది హెర్ట్జులు జరిగినట్లే. పొరుగువాని గీతమీద పడుట యన్నమాట. పంకా గాలి తగిలిన గీత మెలికలు తిరుగును. కిటికీ తీసిన ఒక వంక, మూసిన నింకొక వంక. అందుచేత స్ఫటికమును పసిపిల్లవలె దూదిలో చుట్టి, థర్మోకోలు పెట్టెలో నుంచుదురు. దూరదేశపు వాడు తెరపై గీత వంపు చూచి వాని యింట తలుపు తెరచినారని చెప్పగలడు. ఉదయసాయంకాలములలో ఆకాశపు పై పొరలు కదలునప్పుడు కూడ గీత కొంచెము పైకిని క్రిందికిని జరుగును; ఇది స్ఫటికపు దోషము కాదు, తరంగమును ప్రతిఫలింపజేయు పొరయే పైకి క్రిందికి నడచుట. మచిలీపట్టణపు వాతావరణశాఖవారి రాడారు గాలివేగమును కొలుచుటకు వాడు డాప్లరు సూత్రమే యిచ్చటను పని చేయుచున్నది.

మచిలీపట్టణపు మాట వచ్చినది గనుక మన సీమ సంగతి చెప్పెదను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమునాటి ఉప్పెన దివిసీమలో తెలియనివారు లేరు. ఇంచుమించు ఐదు మీటర్ల ఎత్తున సముద్రము పైకి వచ్చి సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు గ్రామములను ముంచినది. పదివేలమంది వరకు పోయిరని ప్రభుత్వపు లెక్క. అంతకు హెచ్చని పలువురి మాట. స్తంభములు కూలినవి, తీగలు తెగినవి, బాటలు పోయినవి. ఆ మూడు నాలుగు దినములు బంధువులున్నారో లేరో తెలియక పొరుగూళ్ళ ఇండ్లలో పొయ్యి రాజకుండెనని పెద్దలు చెప్పగ వినుచుందుము. పోయినవారికై యేడ్చుట ఒకటి, ఏడ్వవలెనో వద్దో తెలియకుండుట ఒకటి. ఈ రెండవదానిని తగ్గించుట రేడియోకు సాధ్యము.

అది సాధ్యమని చూపినది ఒక స్త్రీ. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో సహచరులతో పోర్టుబ్లెయిరునకు పోయిరి. అండమాను దీవులనుండి చాలకాలముగ హాముల పలుకు వినబడక యుండుటచే, ప్రపంచములోని హాములతో మాటాడుటకు అనుమతి తెచ్చుకొని పోయిన వినోదయాత్ర అది. డిసెంబరు 26వ తేదీ ప్రాతఃకాలమున భూకంపము, వెనువెంటనే సునామీ. టెలిఫోనులు మూగవోయినవి. వినోదార్థము పెట్టిన రేడియోయే అప్పుడు దీవులకు ప్రధాన భూభాగమునకు నడుమ యోగక్షేమముల మోసినది. ఫలానావారు బ్రతికియున్నారన్న మాట ఎన్ని యిండ్లకు చేరినదో! పనిలేని పనియని నవ్వువారికి ఇంతకు మించిన సమాధానము నాకు తెలియదు.

సత్యము దాచరాదు గనుక ఇదియు చెప్పవలెను. ఆమె వాడినది మెల్లని మోర్సు కాదు, మనుష్యకంఠమే. నిముషమునకొక చుక్క పలుకు విద్యతో వైద్యుని పిలువలేము, పడవ నడుగలేము. గాలివాన మీదికి వచ్చుచున్నప్పుడు గంటకొక మాట యెవరికి కావలెను? దాని ప్రయోజనము వేరు. ఏ వేళ, ఏ ఋతువున, ఏ పౌనఃపున్యమున ఇచ్చటినుండి ఎచ్చటికి దారి తెరచుకొనునో తొమ్మిది వోల్టుల బ్యాటరీతో పగలురేయి కనిపెట్టి యుండుటకు దానికి మించిన కాపరి లేదు. దారి తెలిసినవాడు ఆపద నాడు వెదకుకొనుచు కూర్చుండడు. మరియు ఏమియు మిగులని చోట, ఒక చిన్న బ్యాటరీ, ఒక తీగ, "ఉన్నాము" అని చెప్పుటకు పది నిముషములు ఉన్నచో, అది మాత్రము చెప్పగలదు.

మన నేలకు ఇందొక అదృష్టము గలదు. సముద్రపు చెంత ఉప్పునేలలో వరి పండదని విచారింతుము గాని, నిలువు తీగ పాతుటకు ఉప్పునీటి చెమ్మ గల నేలకంటె శ్రేష్ఠమైనది లేదు. తరంగము దిగంతము వెంబడి చక్కగ సాగును. హంసలదీవి సాగరసంగమము చెంత వంటి చోటు నగరపు హాములు కలలో కోరుదురు. దురదృష్టము మన ఇండ్లలో నున్నది. చవుక రకపు ఎల్.ఇ.డి. దీపములు, ఇండక్షను పొయ్యి, ఫోనులకు తగిలించు ఛార్జర్లు రేడియో కెంత రొద పుట్టించునో జలపాతపు బొమ్మలో చూచినవారికి తెలియును. తెరంతయు అడ్డగీతలతో నిండును. కరెంటు పోయినప్పుడు ఊరంతయు విసుగుకొనును గాని, బ్యాటరీపై నడుచు రేడియోలో రొద ఒక్కసారిగ అణగి, అంతవరకు కనబడని సన్నగీతలు తేలివచ్చును. వేసవి సాయంకాలములలో ఉరుములవలన ఈ పని సాగదు. మార్గశిరము మొదలు మాఘమువరకు మంచికాలము.

వినుటతో, అనగా చూచుటతో మొదలిడుట మేలు. లఘుతరంగములు పట్టు రేడియో ఒకటి, పాతదైనను సరే కంప్యూటరు ఒకటి, రెంటిని కలుపు తీగ ఒకటి, పెరటిలో పది పదునైదు మీటర్ల రాగితీగ చాలును. రేడియోలో మోర్సు లేక ఒకవైపు పట్టీ యని వ్రాసిన అమరిక ఉండవలెను. సినిమా పాటలు మాత్రమే వచ్చు పెట్టె పనికిరాదు. పంపుటకు మాత్రము కేంద్రప్రభుత్వమువారి పరీక్షలో నెగ్గి అనుమతియు, సంకేతనామమును పొందవలెను. ప్రతి సందేశములోను ఊరిపేరు కాదు, ఆ సంకేతనామమే ఉండవలెను. స్త్రీపురుషభేదము లేదు. తీగ కట్టునపుడు విద్యుత్తు తీగలకు దూరముగ కట్టవలెను. ఉరుము వినబడిన తీగను రేడియోనుండి తప్పించి బయట పడవేయవలెను. మొదటి నాలుగైదు రాత్రులు తెరపై ముగ్గుపిండి తప్ప నేమియు కనబడకపోవచ్చును. అప్పుడు ఒక్కొక్క బొమ్మకు పట్టు సమయమును హెచ్చించి, వెలుతురు తగ్గించి చూడవలెను.